జాతి గుర్రం, జడ్జి కన్ను

డ్రెస్సేజ్ పోటీలో గుర్రం ఏ జాతిదో మార్కుల కాగితం మీద రాయరు. పోటీదారు సంఖ్య, రౌతు పేరు, గుర్రం పేరు, ఆ తరువాత వరుసగా చేయవలసిన విన్యాసాలు, ఒక్కొక్కదాని ఎదుట సున్నా నుంచి పది వరకు మార్కు వేయడానికి ఒక గడి, ఆ పక్కన వ్యాఖ్యకు కొద్దిపాటి చోటు ఉంటాయి, అంతే. వర్జీనియాలో మా ఇంటికి దగ్గరలో జరిగే స్థానిక పోటీల్లో జడ్జి పక్కన కూర్చుని ఆ గడులు నింపే పని నేను కొంతకాలంగా చేస్తున్నాను. జడ్జి తన చూపును గుర్రం మీద నుంచి మళ్ళించకూడదు గనుక, నోటితో చెప్పిన అంకెనూ మాటనూ వెంటనే రాసుకునే మనిషి ఒకరు కావాలి. జీతం లేని పని, మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ ఇస్తారు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది మొదటి నియమం కాబట్టి ఏ పోటీ, ఏ జడ్జి, ఏ రౌతు అన్నది ఇక్కడ రాయను. అయితే కాగితం మీద లేని జాతి, మార్కులోకి ఏ దారిన వచ్చి చేరుతుందో, ఎక్కడ దానికి చోటు దొరకదో ఆ కుర్చీలోంచి కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

డ్రెస్సేజ్ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న బరిలో, ముందుగా నిర్ణయించిన వరుసలో గుర్రం చేత వృత్తాలు, మలుపులు, పక్కకు నడకలు, పై స్థాయిల్లోనైతే నిలుచున్న చోటనే లయ తప్పకుండా కదం తొక్కే పియాఫ్ వంటివి చేయిస్తారు. రౌతు చేసే సైగ చూసేవారి కంటికి ఆనకుండానే గుర్రం ఎంత సమతూకంతో, ఎంత ఇష్టంగా దాన్ని అందుకుంటోందన్నదే పరీక్ష. 2023 సెప్టెంబరులో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచినప్పుడు తెలుగు పత్రికల్లో కూడా ఈ పేరు కొన్ని రోజులు కనిపించింది. గుర్రపు స్వారీలో 1982 తరువాత దేశానికి వచ్చిన తొలి స్వర్ణం అది.

గుర్రపుశాలలో కొత్త మనిషి కనిపిస్తే, మన ఊళ్ళలో రెండో మాటకే "మీరేమిట్లు?" అని అడిగినట్టు, "మీ గుర్రం ఏ జాతి?" అని అడుగుతారు. హానోవేరియన్ అనో, డచ్ వార్మ్‌బ్లడ్ అనో, ఓల్డెన్‌బర్గ్ అనో జవాబు వస్తే, సంభాషణ తండ్రి గుర్రం ఎవరు, తల్లికి తండ్రి ఎవరు అన్న వైపు ఉత్సాహంగా సాగుతుంది. "క్వార్టర్ హార్స్‌కూ అరబ్‌కూ పుట్టింది" అంటే మాత్రం ఒక చిన్న విరామం, ఆపైన "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో, పిల్లలు ఎక్కడానికి బాగుంటుంది" అనే ఒక మంచి మాట. ఆ మంచి మాట నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. ఎగతాళి చేస్తే తిరిగి ఏదో ఒకటి అనవచ్చు, జాలిపడితే ఏమనగలం? ఇంకా విచారకరమైన సంగతి, ఈ ధోరణి రౌతులకే అలవాటైపోవడం. గంట మోగకముందు బరి చుట్టూ తిరుగుతూ మా గుడారం దగ్గరికి వచ్చినప్పుడు, ఎవరూ అడగకపోయినా "ఇది మామూలు సంకరమేనండి" అని జడ్జికి సంజాయిషీ చెప్పుకుని వెళ్ళేవారిని చూశాను.

వర్జీనియా వేట గుర్రాల నాడు. ఇక్కడి వేట క్లబ్బుల వాళ్ళకు పెర్షెరాన్ వంటి బరువు లాగే జాతికీ రేసు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్‌కూ పుట్టిన సంకరాలంటే పాతకాలం నుంచీ ఇష్టం. ఎముక గట్టిది, బుద్ధి నెమ్మది. అటువంటి బూడిద రంగు ఆడగుర్రం ఒకటి, దాని వెనువెంటనే కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ఎర్ర హానోవేరియన్ మగగుర్రం ఒకటి, ఒకే పరీక్షలో మా ముందుకు వచ్చాయి. బూడిద గుర్రం ట్రాట్ అనే మధ్యస్థ పరుగులో అడుగు సాచవలసిన చోట సాచలేక వేగం మాత్రం పెంచింది. జడ్జి "5.5, అడుగు పొడవు పెరగలేదు, తొందరపడింది" అన్నారు. హానోవేరియన్ అదే చోట భుజం విప్పి గాలిలో తేలినట్టు వెళ్ళింది. 7.5. ఆపైన పగ్గాలు వదులుచేసి గుర్రాన్ని మెడ కిందికి చాచనిచ్చే స్వేచ్ఛా నడక వచ్చింది. ఆ విన్యాసానికి మార్కు రెట్టింపు లెక్కకు వస్తుంది. బూడిద గుర్రం ముందుగిట్ట వదిలిన గుర్తును దాటి వెనుకగిట్ట ఒక జానెడు ముందు పడేలా, పొలం గట్టు మీద నడిచినంత నింపాదిగా నడిచింది. 8. హానోవేరియన్ చెవులు నిక్కించి, మెడ ఎత్తేసి, చిన్నచిన్న అడుగులు వేసి, మధ్యలో రెండడుగులు పరుగుపెట్టింది. 5. చివరి నమస్కారానికి నిలిచేటప్పుడు బూడిద గుర్రం నాలుగు కాళ్ళూ చదరంగా నిలిపింది. రెండోది వెనుక కాలొకటి పక్కకు పెట్టి నిలబడింది. శాతాలు కూడితే బూడిద గుర్రమే పైన ఉంది.

దీన్నిబట్టి జడ్జిలకు జాతి పట్టింపే లేదని నేను చెప్పబోవడం లేదు. ఆ 5.5 న్యాయమైన మార్కే, ఆ 7.5 కూడా న్యాయమైనదే. అక్కడ జడ్జి ఇచ్చిన మార్కు కదలికకే గానీ జాతికి కాదు. కానీ ఏ కదలికను మంచి కదలిక అనాలో నిర్ణయించిన కన్ను దశాబ్దాల తరబడి ఒకే రకం గుర్రాలను చూసి తయారైన కన్ను. పరీక్ష కింది స్థాయిలో ఉన్నప్పుడు వృత్తం గుండ్రంగా ఉందా, గతి మార్పు బరి అంచున గుర్తుగా పెట్టిన అక్షరాల్లో చెప్పినదాని దగ్గరే జరిగిందా, లయ నిలిచిందా అన్న ప్రశ్నలే ఎక్కువ గనుక ఏ గుర్రమైనా నిలదొక్కుకుంటుంది. పైకి పోయేకొద్దీ ఎత్తు, అడుగు పొడవు, గాలిలో నిలిచే క్షణం అనేవాటికి విలువ పెరుగుతుంది. అవన్నీ జర్మనీ, హాలెండ్ పెంపకందారులు ఏరి కోరి తీసుకువచ్చిన గుణాలు. శిక్షణలో లోపం ఉన్నా ఆ గుణాలు దాన్ని కొంత కప్పిపుచ్చుతాయి. వెన్ను బిగబట్టి, ముందుకాళ్ళు మాత్రం ఎగరేసే గుర్రానికి సాచిన ట్రాట్‌లో 8 రావడం అంతర్జాతీయ పోటీల ప్రసారాల్లో చూసినప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది. వెనుకకాళ్ళు అంత దూరం రాలేదన్నది నిదానంగా తిప్పి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఇంతకూ ఏది సంప్రదాయం? ఈనాడు మనం సంప్రదాయ డ్రెస్సేజ్ జాతులని పిలిచేవన్నీ పుట్టుకతోనే సంకరాలు. బ్రిటన్ రాజూ హానోవర్ పాలకుడూ అయిన రెండవ జార్జ్ 1735లో చెల్లె పట్టణంలో గుర్రాల పెంపక కేంద్రం పెట్టించింది రైతుల ఆడగుర్రాలకు మంచి మగగుర్రాలను అందుబాటులోకి తేవడానికి. దున్నడానికీ, బండి లాగడానికీ, అవసరమైతే సైన్యానికీ పనికివచ్చే గుర్రం కావాలి. కాలం మారినకొద్దీ అందులోకి థరోబ్రెడ్ రక్తం ఎక్కించారు. 1732లో ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విలియం నెలకొల్పిన ట్రాకెనెన్ కేంద్రంలో స్థానిక గుర్రాలకు అరబ్, థరోబ్రెడ్ గుర్రాలను కలుపుతూ పోయారు. డచ్ వార్మ్‌బ్లడ్ అయితే మరీ నిన్నమొన్నటిది. ట్రాక్టర్లు వచ్చి పొలంలో పని పోయాక, గెల్డర్‌లాండ్, గ్రోనింగెన్ ప్రాంతాల వ్యవసాయపు గుర్రాలకు బయటి రక్తం జోడించి ఆటగుర్రంగా మలిచారు. తొలిసారి 90 శాతం దాటిన టోటిలాస్ డచ్ వంశపుస్తకంలో నమోదైన గుర్రమే, కానీ దాని తండ్రి గ్రిబాల్డి ట్రాకెనర్. అంటే ప్రపంచం అబ్బురపడిన ఆ గుర్రం కూడా రెండు వంశపుస్తకాల సంకరమే. కాకపోతే ఆ సంకరానికి కాగితాలు ఉన్నాయి, పక్కన పెద్దల సంతకాలు ఉన్నాయి. మా బూడిద గుర్రానికి లేనిది అదే.

మరోవైపు, ఈ కళ పుట్టిననాటి గుర్రాలేమో ఈనాడు సంప్రదాయేతర జాతులుగా లెక్కకు వస్తున్నాయి. ఐరోపా రాజదర్బారుల్లో విన్యాసపు స్వారీ వికసించిన కాలంలో రౌతుల కింద ఉన్నవి స్పెయిన్, పోర్చుగల్ గుర్రాలు, వాటి సంతతివారు. 1580లో లిపిజ్జా గ్రామంలో మొదలైన లిపిజ్జానర్ కూడా ఆ స్పెయిన్ రక్తం నుంచే వచ్చింది. వియన్నాలోని స్వారీ పాఠశాల పేరులోనే ఈనాటికీ స్పెయిన్ ఉంది. ఆ గుర్రాలు పొట్టి వెన్ను, ఎత్తైన మెడ, తేలికగా వంగే వెనుకకాళ్ళు కలవి. పియాఫ్, కాళ్ళు ఎత్తి ఎత్తి నింపాదిగా వేసే పాసాజ్ వంటి కూడదీసుకున్న విన్యాసాలు వాటికి పుట్టుకతో వచ్చినట్టే ఉంటాయి. సాచిన ట్రాట్‌లో అడుగు దూరం పడదు, కొన్నింటికి ముందుకాలు గిట్ట దగ్గర బయటికి తిరుగుతూ పడుతుంది. 20వ శతాబ్దంలో ఈ ఆట సైన్యాధికారుల చేతుల్లో ఒలింపిక్ పోటీగా మారినప్పుడు మైదానంలో దూరం కొలిచే సైనిక గుర్రం ప్రమాణమైంది. 1952 దాకా ఒలింపిక్స్ డ్రెస్సేజ్‌లో పాల్గొనే అవకాశం సైన్యాధికారులకు తప్ప ఇతరులకు లేదు. అటువంటి మలుపులో రాజదర్బారు గుర్రం వెనుకబడడంలో ఆశ్చర్యం లేదు గానీ, వెనుకబడినదాన్ని పట్టుకుని "ఇది డ్రెస్సేజ్ గుర్రం కాదు" అనడం మాత్రం తాతను చూసి నువ్వీ ఇంటివాడివి కాదనడమే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన గుర్రం ఏ జాతిదో అడిగితే ఈ రోజుల్లో చాలామంది రౌతులు తడుముకుంటారు. దాని పేరు ఆబ్సెంట్, సోవియట్ రౌతు సెర్గీ ఫిలాతోవ్ స్వారీ చేసిన నల్లని అఖల్‌తెకే. తుర్క్‌మెన్ ఎడారుల్లో దూరాలు పరుగెత్తడానికి పెంచిన, సన్నని నడుమూ పొడవాటి మెడా ఉన్న జాతి అది. ఎవరి లెక్క ప్రకారమూ డ్రెస్సేజ్‌కు ఒదగని ఆకారం. 1964 టోక్యోలో అదే గుర్రానికి కాంస్యం వచ్చింది. 1968 మెక్సికోలో మరో రౌతు ఇవాన్ కలితా కింద జట్టు రజతంలోనూ దానికి భాగం ఉంది.

స్పెయిన్ గుర్రాల తిరుగురాక నేను ఇష్టంగా గమనించిన కథ. 1996 అట్లాంటాలో ఇగ్నాసియో రాంబ్లా కింద ఎవెంతో అనే గుర్రం దారి చూపింది. 2004 ఏథెన్స్‌లో స్పెయిన్ జట్టు రజతం గెలిచినప్పుడు వారి నాలుగు గుర్రాల్లో మూడు స్వదేశీ జాతివే. 2010లో కెంటకీలో జరిగిన ప్రపంచ క్రీడల్లో ఫుయేగో అనే తెల్లని స్పెయిన్ గుర్రం సంగీతానికి చేసిన విన్యాసం చూసి జనం లేచి నిలబడ్డారు. రౌతు హువాన్ మాన్యుయెల్ మున్యోస్ దియాస్ ఒక చేత్తోనే పగ్గాలు పట్టుకుని, ప్రతి అడుగులోనూ కాలు మార్చే కాంటర్ అనే దౌడు చేయించాడు. మార్కు 81 శాతం దాటింది గానీ పతకం దాకా రాలేదు. అంకె తెర మీద పడగానే ప్రేక్షకులు ఈలలు వేసి అసమ్మతి తెలిపారు. ఆ ప్రదర్శన దృశ్యాన్ని నేను మార్కుల కాగితం చేతపట్టి మరీ చూశాను. నా మట్టుకు పతకం పోవడం అన్యాయమనిపించలేదు. ఆనాడు విజేత టోటిలాస్, ఆ గుర్రం ముందు ఎవరూ నిలవలేకపోయేవారు. కానీ పియాఫ్ దగ్గర స్పెయిన్ గుర్రానికి తొణికిన చోట కోసినంత నిర్మొహమాటంగా, నడక చెడిన వార్మ్‌బ్లడ్‌కు కోస్తున్నారా అన్న సందేహం మాత్రం అప్పటి నుంచీ నాలో ఉంది. తరువాతి సంవత్సరాల్లో పరిస్థితి కొంత మారిందని ఒప్పుకోవాలి. టోక్యో ఒలింపిక్స్‌లో పోర్చుగల్ తరఫున ఫొగోసో, బ్రెజిల్ తరఫున ఎస్కోరియల్ అనే లుసితానో (పోర్చుగల్ జాతి) గుర్రాలు బరిలో దిగినప్పుడు, వాటిని వింతగా చూసినవారు తక్కువ.

కంచర గాడిద సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు, ఎందుకంటే అక్కడ ధోరణి కాదు, నియమమే అడ్డం వచ్చింది. అమెరికా గుర్రపు స్వారీ సమాఖ్య 2004లో డ్రెస్సేజ్‌లో కంచర గాడిదలను అనుమతించింది. బ్రిటన్‌లో వాలెస్ ద గ్రేట్ అనే కంచర గాడిదకు మొదట ప్రవేశం నిరాకరించి, గొడవ జరిగాక 2018లో నియమం సడలించారు. ఐర్లండ్‌లో దిక్కులేకుండా తిరుగుతూ దొరికిన జంతువు అది. సభ్యుల పోటీలో అడుగుపెట్టిన మొదటిసారే తన తరగతిలో గెలిచింది. అంతర్జాతీయ సమాఖ్య నియమాల్లో మాత్రం గుర్రమంటే గుర్రమే. గుర్రంలో సంకరాన్ని అంగీకరించే చోట, గుర్రానికీ గాడిదకూ పుట్టినదాన్ని ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు తర్కంతో జవాబు దొరకదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, గీశారు. ఆ గీతతో నాకు పేచీ లేదు. రాసిపెట్టిన నియమాన్ని ఒక ఉత్తరంతో మార్చుకోవచ్చునని ఇక్కడ తేలింది. రాయని నియమానికి ఉత్తరం ఎవరికి రాయాలి?

సంకరాల తరఫున ఇంత మాట్లాడాక, వాటి మీద నాకున్న అసంతృప్తిని దాచడం సరికాదు. క్వార్టర్ హార్స్‌లో చాలావాటికి తుంటి భుజాల కంటే ఎత్తుగా ఉంటుంది. పశువుల మందను చటుక్కున మళ్ళించడానికి పనికివచ్చే నిర్మాణం అది. ఆ గుర్రాన్ని ఏళ్ళ తరబడి వెనుకకాళ్ళ మీద బరువు మోయమని అడిగితే కీళ్ళు అరుగుతాయి. అప్పుడు జడ్జి "ముందుకాళ్ళ మీద బరువు పడుతోంది" అని రాయించడం పక్షపాతం కాదు, గుర్రం తరఫున చెప్పిన మాటే. ఇక రెండు జాతుల్లోని మంచి గుణాలు తప్పక కలిసివస్తాయన్న నమ్మకంతో, ఆకారం బాగాలేని ఆడగుర్రానికి పేరున్న మగగుర్రాన్ని కలిపి, పుట్టిన పిల్లకు కొత్త పేరు తగిలించి అమ్మేవారు ఇక్కడ తక్కువేమీ కాదు. ఫ్రీజియన్ సంకరాలకు ఈ జాడ్యం ఎక్కువ, ఎందుకంటే నల్లని జూలు ఫొటోలో బాగుంటుంది. జూలు చూసి కొన్నవాడు ఆ తరువాత ఉప్పెనలా పొంగే ట్రాట్ మీద కూర్చోలేక, కాంటర్ ఎత్తించలేక నానా అవస్థ పడతాడు.

అదే అవస్థ ఖరీదైన వార్మ్‌బ్లడ్ కొన్న సామాన్య రౌతుకూ ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం పూట స్వారీ చేసే మనిషికి, వృత్తిరౌతు కోసం పెంచిన గుర్రాన్ని అంటగట్టే శిక్షకులు ఉన్నారు. మా శాలలోనే అలాంటి గుర్రం ఒకటి, యజమానురాలు ఎక్కడానికి భయపడుతున్నందున జీతానికి పెట్టుకున్న శిక్షకుడి స్వారీతోనే కాలం గడుపుతోంది. ఆవిడకు లెండన్ గ్రే కథ ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. అమెరికా ఒలింపిక్ రౌతు అయిన గ్రే, కానెమారా పోనీకీ థరోబ్రెడ్‌కూ పుట్టిన సెల్డమ్ సీన్ అనే గుర్రాన్ని అత్యున్నతమైన గ్రాన్‌ప్రీ స్థాయి దాకా తీసుకువెళ్ళింది. దాని ఎత్తు పోనీల హద్దయిన 14 చేతుల (చేయి అంటే నాలుగు అంగుళాలు) 2 అంగుళాలు మాత్రమే. రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇది మనదేశానికి ఎలా వర్తిస్తుందని నన్ను అడిగింది హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు. "అన్నయ్యా, మా పిల్ల ఎక్కేది రేసులు మానిపించిన గుర్రమట. దానితో డ్రెస్సేజ్ సాగదు, సీరియస్‌గా నేర్చుకోవాలంటే జర్మనీ గుర్రం కొనాల్సిందే అంటున్నారు, నిజమేనా?" అని ఫోన్‌లో అడిగింది. ఆ మాట పూర్తిగా అబద్ధమని చెప్పలేను. హాంగ్జౌలో స్వర్ణం తెచ్చిన సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలా నలుగురూ ఐరోపాలో ఉండి, అక్కడి గుర్రాల మీదే సాధన చేసినవారు. 2024 పారిస్‌లో ఒలింపిక్ డ్రెస్సేజ్‌లో పాల్గొన్న తొలి భారతీయుడిగా అనుష్ దిగినది కూడా అక్కడి గుర్రంతోనే. కానీ ఆ శిఖరానికీ, మలక్‌పేట రేసుకోర్సు నుంచి బయటపడి స్వారీ క్లబ్బులో పిల్లలను మోస్తున్న థరోబ్రెడ్‌కూ మధ్య ఎన్నో మెట్లు ఉన్నాయి. ఆ మెట్లలో చాలావరకు ఆ గుర్రమే ఎక్కించగలదు. 1976 మాంట్రియల్‌లో అమెరికా జట్టు కాంస్యం గెలిచినప్పుడు హిల్డా గర్నీ ఎక్కిన కీన్ కూడా థరోబ్రెడ్డే. వెయ్యి డాలర్లకు కొన్న గుర్రమని దాని గురించి చెబుతారు.

మార్వారీ గుర్రం విషయంలో మాత్రం చెల్లెలికి ఆశ కల్పించలేదు. చెవుల కొసలు లోపలికి వంగి కలుసుకునే ఆ గుర్రం అందానికి నేనూ దాసుడినే. దానికి రేవాల్ అనే మరొక గతి ఉంది. ఒకే పక్కనున్న ముందుకాలు, వెనుకకాలు ఇంచుమించు కలిసి కదిలే ఆ గతిలో ఎడారి ప్రయాణం ఒళ్ళు కదలకుండా సాగుతుంది. డ్రెస్సేజ్ నడకలో నాలుగు గిట్టల చప్పుడు సమాన విరామాలతో నాలుగుసార్లు వినబడాలి. కాళ్ళు పక్కపక్కన జతకట్టాయంటే జడ్జి 4 వేయడానికి కూడా ఆలోచిస్తారు, అది ఏ జాతి గుర్రమైనా సరే. థరోబ్రెడ్‌తో కలిపితే కొన్నింటిలో ఆ గతి తగ్గుతుంది, కొన్నింటిలో తగ్గదు. కొనేముందు గట్టి నేల మీద గుర్రాన్ని నడిపించి, కళ్ళు మూసుకుని గిట్టల చప్పుడు వినమని చెల్లెలికి చెప్పాను. నాలుగు దెబ్బలు విడివిడిగా వినబడితే జాతి అడగకుండా బేరం మాట్లాడమన్నాను.